చదవని ఆరేళ్లు

అరుణపురంలో సాక్షులను పిలవడం మానేసి పదిహేనేళ్లయింది. అంగారకుడి మీది ఆ గనుల ఊళ్లో ఎవరి మీద నేరం పడినా, పుట్టినప్పుడు చెవి వెనక అమర్చిన జ్ఞాపకపేటిని విప్పుతారు. ఆ మనిషి చూసిందీ విన్నదీ అంతా అందులో ఒకే ఒక్క ఫైల్‌గా ఉంటుంది. పఠనయంత్రం దాన్ని చదివి తీర్పు చెబుతుంది. మనిషి నోటిని నమ్మాల్సిన ఖర్మ తప్పిందని జనం తెగ సంబరపడ్డారు.

ఆ రోజు వచ్చిన పేటి అప్పలకొండది. నలభై తొమ్మిదేళ్ల గని కార్మికుడు. సొరంగంలో గాలితలుపు తెరిచి పదకొండు మంది చావుకు కారణమయ్యాడని అభియోగం. రుజువైతే ఆక్సిజన్ లేకుండా బయటికి నెట్టేస్తారు.

"నాను మూసినానమ్మా, తెరవనేదు. ఆ పేటి సదివితే మీకే తెలుస్తాది" అన్నాడతను, యంత్రాన్ని నడిపే ఇంజినీరు కుముదినితో. అతని ముఖంలో భయం లేదు.

యంత్రం మాత్రం "మెమరీ చాలడం లేదు" అంటూ మూడుసార్లు ఆగిపోయింది. నలభై తొమ్మిదేళ్లంత పెద్ద ఫైల్ దానికెప్పుడూ తగల్లేదు. మొత్తాన్ని ఒక్కసారే మింగబోతోందని కుముదినికి అర్థమైంది. ముక్క ముక్కగా చదివి, చదివినదాన్ని వదిలేసేలా ప్రోగ్రాం మార్చింది. గంటలో తీర్పు వచ్చింది.

"నేరం రుజువైంది. 'నేనే తెరిచాను' అని ముద్దాయి ఏడ్చాడు."

ఆమెకు మనసొప్పలేదు. ప్రమాదం జరిగిన రోజు ముక్కను తెర మీద వేయించింది. సొరంగం లేదు. భూమి మీద ఎక్కడిదో ఒక పెరడు, తలుపు తీసి ఉన్న కోళ్లగూడు, చెల్లాచెదురుగా ఈకలు, తల్లి దగ్గర వెక్కి వెక్కి ఏడుస్తున్న ఆరేళ్ల పిల్లాడి గొంతు.

తప్పు దొరికింది. ఫైల్‌లో ఎక్కడిదాకా చదివిందో లెక్కపెట్టే స్థానసూచి, అంటే ఆఫ్‌సెట్, నలభై మూడేళ్ల బతుక్కే సరిపోతుంది. అది దాటగానే పాత స్కూటర్ మీటరులా సున్నాకి వచ్చేస్తుంది. ఆపైన యంత్రం చదివేది మళ్లీ పసితనాన్నే. దాన్ని తయారుచేసినవాళ్లు సొంత పేటీలతోనే పరీక్షించుకున్నారు. అప్పుడందరూ ముప్పై చుట్టుపక్కల వాళ్లే. ఆ బృందంలో కుముదిని కూడా ఉంది.

స్థానసూచిని పెంచి మళ్లీ చదివించింది. తెరుచుకుపోతున్న తలుపును అప్పలకొండ భుజం పెట్టి మూస్తున్నాడు. ఆమె పరుగున అధికారి డానియేలు గదికి వెళ్లి విషయం చెప్పింది.

"తెలుసు" అన్నాడాయన, తలెత్తకుండానే. "నలభై మూడు దాటినవాళ్లను ఇప్పటికి పంతొమ్మిది మందిని బయటికి పంపాం. ఇతన్ని వదిలితే వాళ్ల సంగతేంటని అడుగుతారు. ఆ యంత్రం మీద మొదటి సంతకం నీది."

"అన్యాయం కదా సార్! ఇదంతా నా పేటిలోనూ ఎక్కుతోంది."

"నీకిప్పుడు ఎన్నేళ్లు?"

కుముదిని మనసులో లెక్క వేసుకుంది. పోయిన నెలలోనే నలభై నాలుగు నిండాయి. తప్పు అలాగే ఉంటే, ఈ రోజు తను ఏం చేసినా ఎవరూ ఎప్పటికీ చదవలేరు. ఆమెకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు గుండె కూడా తేలికపడింది.

వెనక్కి వచ్చి స్థానసూచిని పాత కొలతకే తగ్గించింది. మొదటి తీర్పు మీద ముద్ర వేసింది.

అప్పలకొండ ఆత్రంగా లేచాడు. "అంతా సదివేసిందా, తల్లీ?"

"ఆఁ, అంతా చదివింది."

"బతికించినావు" అంటూ అతను రెండు చేతులూ ఎత్తి ఆమెకు దణ్ణం పెట్టాడు.