దూదిని తిరిగిచ్చేయ్!

“గడ్డం ఇక్కడ ఆనించండి సార్. నుదురు ఆ పట్టీకి తగిలించండి. లోపల బెలూన్ కనపడుతోందా?”

“బెలూనా? ఏదో ఎర్రగా, మసగ్గా ఉందండీ. టమాటా అనుకున్నాను.”

“టమాటా కాదు సార్, గాల్లో ఎగిరే బెలూన్. దాన్నే చూస్తూ ఉండండి. కదలకండి.”

“నేను కదలట్లేదండీ. అదే కదుల్తోంది.”

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆ అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. పొద్దున్నుంచీ ఒకటే వాన. ఒక్క బేరమూ లేదు. షాపు ఓనరు ఆమెకి సొంత బాబాయే. ఆయన వెనకగదిలో మిషన్ దగ్గర కూర్చుని అద్దాలు అరగదీసుకుంటున్నాడు. అలాంటప్పుడు తడిసి ముద్దైపోయి లోపలికొచ్చాడు ఈ కుర్రాడు. కళ్ళజోడుకి ఒక పక్క కాడ లేదు. దాని బదులు నల్ల టేపు చుట్టిన పుల్ల ఒకటి ఉంది. లిఫ్టులు బాగుచేసే పనట. లిఫ్టు గుంటలోకి తొంగి చూస్తుంటే ముక్కుమీద నుంచి జారి పడిందట.

“ఒక్క నిమిషం. జేబులో ఏదో గుచ్చుకుంటోంది,” అంటూ అతను ఓ వస్తువు తీసి బల్లమీద పెట్టాడు.

బూడిదరంగు గేమ్ డబ్బా. రెండు అరచేతుల్లో ఇమిడేంతది. ఒకప్పుడు పిల్లలందరి చేతుల్లోనూ ఉండేది, ఇప్పుడు కొందామన్నా దొరకదు. దాని కింది మూలమీద రెండు పంటిగాట్లు.

ఆమె చెయ్యి కంటి పరీక్ష మిషన్ మీద అలాగే ఉండిపోయింది. ఆ గాట్లు ఎవరివో ఆమెకి బాగా తెలుసు. తనవే.

“సోడాబుడ్డీ!”

“ఏంటండీ?”

“నువ్వు సోడాబుడ్డివి కదూ! దొంగా! నా దూదిని తిరిగిచ్చేయ్!”

అతను మిషన్ మీంచి గడ్డం తియ్యకుండానే కళ్ళు పైకెత్తాడు. కళ్ళజోడు లేదుగా, ఎదురుగా ఉన్నది మనిషో టమాటానో అతనికి తెలీట్లేదు. గొంతు మాత్రం తెలిసింది.

“ఎలకా?” అన్నాడు.

వెనకగదిలో మిషన్ ఆగింది. “ఎలకా? షాపులోనా? ఎక్కడ, ఎక్కడ?” అంటూ బాబాయి చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

*

ఇద్దరూ పక్కపక్క వాటాల్లో పెరిగారు. అతనివి లావాటి అద్దాలు, అందుకని సోడాబుడ్డి. ఆటలో ఓడినప్పుడల్లా ఆమె చేతికి దొరికినదాన్ని కొరికేసేది, అందుకని ఎలక. ఇద్దరి దగ్గరా ఒకే రకం డబ్బా, ఒకే ఆట. ఆటలో ఓ తోట ఉంటుంది. అందులో జంతువుల్ని పెంచాలి. రోజూ మేత వెయ్యాలి, తల నిమరాలి, లేదంటే అలుగుతాయి. రెండు డబ్బాల మధ్య ఓ వైరు తగిలిస్తే ఒకరి జంతువు ఇంకొకరి తోటలోకి వెళ్తుంది. అవతలివాళ్ళు బదులుగా ఇంకో జంతువునివ్వాలి. ఇద్దరూ ఒకే క్షణంలో బటన్ నొక్కాలి. ఒక్కరు నొక్కకపోయినా పని జరగదు.

దూది ఆమె కుందేలు. ఒంటిమీద అక్క గౌన్లు, సంచిలో అక్క పుస్తకాలు, కాళ్ళకి అక్క చెప్పులు. ఆ డబ్బా కూడా అక్క ఆడీ ఆడీ విసుగొచ్చి పారేసిందే. దూదికి మాత్రం పేరు పెట్టింది తను, పెంచింది తను. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే.

ఒకరోజు అతని తోటలో రాతిగోడ అడ్డొచ్చింది. కుందేలైతేనే దాని కింద సొరంగం తవ్వగలదు. “ఒక్కరోజు ఇవ్వవే. రేపు పొద్దున్నే ఇచ్చేస్తా, అమ్మతోడు,” అన్నాడు. ఇచ్చింది. బదులుగా అతని తాబేలు వచ్చింది. తెల్లారేసరికి వాళ్ళ గుమ్మం ముందు సామాన్ల లారీ. వాళ్ళ నాన్నకి బదిలీ. ముందే చెప్తే పిల్లాడు ఏడుస్తాడని పెద్దవాళ్ళు ఆఖరి పొద్దుదాకా చెప్పలేదు. ఆమె నోట్లో బ్రష్షుతో మెట్లమీదకొచ్చేసరికి లారీ మలుపు తిరిగిపోయింది.

ఆ రోజంతా ఆమె అన్నం ముట్టలేదు. “బొమ్మ కుందేలు కోసం ఈ ఏడుపేంటే?” అని అమ్మ కసిరింది. పిల్లల దుఃఖం మనకి చిన్నగానే కనపడుతుంది. వాళ్ళకది వాళ్ళ ఒంటికంటే పెద్దది.

“నేను తలుపు కొట్టాను,” అన్నాడతను, ఇప్పుడు షాపులో, తడిచొక్కా పిండుకుంటూ. “మీ అమ్మ తీసింది. ‘అది నిద్రపోతోంది, ఇవాళ దానికి పరీక్ష, గేమూ గీమూ అన్నావంటే వీపు విమానం మోత మోగిపోతుంది’ అంది. పారిపోయాను.”

“అబద్ధం.”

“మీ అమ్మనే అడుగు.”

“అది సరే... దూది ఉందా?” ఆమె డబ్బా వైపు చూసింది. “ఉందా, లేక మేత వెయ్యకుండా మాడ్చి చంపేశావా?”

అతను డబ్బా ఆన్ చేసి ఆమె చేతికిచ్చాడు. తెరమీద తెల్లటి కుందేలు. చుట్టూ తోటనిండా క్యారెట్లు. మెడలో నీలం రిబ్బను.

“రిబ్బనెవరు కట్టారు?”

“నేనే. హాస్టల్లో ఉన్నప్పుడు. రూమ్‌లో వాళ్ళంతా నవ్వారు.”

ఆమెకీ నవ్వొచ్చింది. బింకంగా మింగేసింది. “నాకు నా దూది కావాలి.”

“ఇచ్చేస్తాను. నీ డబ్బా ఉందా?”

“ఉంది. వైరు?”

“నా దగ్గరుంది. ఆదివారం మీ ఇంటికి తెస్తాను.”

“కుందేలు సంగతి తేలిందిగా,” అన్నాడు బాబాయి చీపురు మూలన పెడుతూ. “ఇక ఆ అబ్బాయి కళ్ళ సంగతి చూడమ్మా.”

*

ఆదివారం వచ్చాడు. కొత్త కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా.

“అరే, సోడాబుడ్డీ! ఎంత పొడుగయ్యావురా!” అంది అమ్మ, కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేవకుండానే. ఆవిడ చిన్నపిల్లల గౌన్లు కుట్టి షాపులకి ఇస్తుంది. “చిక్కిపోయావు కూడాను. వేళకి తింటున్నావా? ఆ లిఫ్టుల మీదెక్కి పనిచేసేటప్పుడు నడుముకి బెల్టు కట్టుకుంటున్నావా?”

“అమ్మా, ఇతను ఆ రోజు తలుపు కొట్టాడా?”

“కొట్టాడు. నేనే పంపేశాను. అయితే ఏంటట? ఆ పరీక్షలో నీకెన్ని మార్కులొచ్చాయో చెప్పమంటావా అబ్బాయి ముందు?”

“వద్దొద్దు!”

అంతే, ఇన్నేళ్ళ కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. కానీ దూది రాలేదు. అతను వైరు మర్చిపోయాడు.

పై ఆదివారం వైరు తెచ్చాడు. ఆమె డబ్బా వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది. “సెల్సు అయిపోయాయి,” అంది ఆమె పెదవి విరిచి. “అయ్యో,” అన్నాడతను. ఆ అయ్యోలో బాధ పెద్దగా ఉన్నట్టు లేదు.

ఆ తర్వాతి ఆదివారం వైరు కనపడట్లేదన్నాడు. ఇల్లంతా వెతికాడట, మంచం కింద కూడా.

ఈలోపు షాపుకి రాకపోకలు మొదలయ్యాయి. ఒకసారి స్క్రూ వదులైంది. ఇంకోసారి ముక్కుదగ్గర నొక్కుతోంది. వాన కూడా సరిగ్గా అతను లోపలున్నంతసేపే దంచికొట్టేది, ఎవరో చెప్పిపెట్టినట్టు.

ఆమె అతని చెవుల వెనక కాడలు సరిచేస్తూ అడిగేది. “బిగుతుగా ఉందా?”

“కొంచెం.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు వదులు.”

“ఇప్పుడు?”

“తెలీట్లేదు. ఇంకోసారి చూడు.”

“నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను,” అన్నాడు బాబాయి వెనకగదిలోంచి, ఎవరితోనో అన్నట్టు. “వారానికి రెండుసార్లు సైజు మారే చెవులు ఇప్పుడే చూడ్డం.”

*

గొడవ బుధవారం వచ్చింది. మళ్ళీ స్క్రూ. షాపులో సన్న స్క్రూడ్రైవర్ కనపడక, “నా సంచిలో ఉంటుంది, తీసుకో,” అన్నాడతను. ఆమె సంచి తెరిచింది. స్క్రూడ్రైవర్ కంటే ముందు చేతికి తగిలింది వైరు. చక్కగా చుట్టచుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి ఉంది.

“ఇల్లంతా వెతికానన్నావు.”

“వెతికాను.”

“సంచిలో ఉన్నదాన్ని మంచం కింద వెతికావా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. అప్పుడేమో లారీ ఎక్కిపోయావు, ఇప్పుడేమో మాటలతో తప్పించుకుంటున్నావు. సాయంత్రం ఇంటికి రా. దూదిని ఇచ్చెయ్. ఆ తర్వాత నీ దారి నీది, నా దారి నాది.”

అతను తలూపి, స్క్రూ బిగించుకోకుండానే వెళ్ళిపోయాడు. వదులు కళ్ళజోడు చేత్తో పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఆమె గుమ్మందాకా వెళ్ళి చూసింది. బస్సొస్తే కనపడుతుందా అతనికి? నీ దారి నీదని ఎందుకన్నాను? నిజంగానే దూదిని ఇచ్చేసి వెళ్ళిపోతే? ఇంకెందుకొస్తాడు?

ఆ మధ్యాహ్నం ఆమె ఓ తాతగారి లావు కళ్ళజోడు కాలేజీ పిల్ల ముక్కుమీద పెట్టి, “స్పష్టంగా ఉందా మేడమ్?” అని అడిగింది. బాబాయి ఆమెని ఓ గంట ముందే ఇంటికి పంపేశాడు.

సాయంత్రం అతనొచ్చాడు. జోకులు లేవు. చాపమీద కూర్చుని తన డబ్బాకి వైరు తగిలించాడు. ఆమె తన డబ్బా తెచ్చింది. స్విచ్ వేసింది. వెలిగి ఆరిపోయింది.

“సెల్సు...” అంది మెల్లగా.

“తెచ్చాను,” అని అతను జేబులోంచి కొత్తవి తీశాడు.

అమ్మ కుట్టుమిషన్ ఆపింది. “అదేంటే? మొన్ననేగా కొత్త సెల్సు తెచ్చి నీ చేతిలో పెట్టాను?”

“అవి... అయిపోయాయి.”

“వారానికేనా?” అమ్మ టీవీ వైపు చూసింది. తర్వాత రిమోట్ వైపు చూసింది. “అందుకా! ఈ రిమోట్ నాలుగు గుద్దులు గుద్దితే గానీ పలికేది కాదు. ఇప్పుడు చెయ్యి తగిలితే చాలు ఛానల్ మారిపోతోంది. కొత్తవి దీనికి పెట్టి, దీని చచ్చిన సెల్సు దానికి పెట్టావా తల్లీ?”



అతను మెల్లగా ఆమె వైపు తిరిగాడు. “నువ్వూనా?”

“నేనేం చెయ్యలేదు!”

“నేను వైరు దాచాను. నువ్వు సెల్సు మార్చావు.”

“నేను మార్చలేదు!”

“మార్చింది,” అంది అమ్మ.

“అమ్మా!”

“నాకు దారం అయిపోయింది. లోపల చూసొస్తాను,” అని అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. మిషన్ మీద దారం రీలు నిండుగానే ఉంది.

కొత్త సెల్సు పడ్డాయి. రెండు తెరలూ వెలిగాయి. అతని వైపు దూది. బదులుగా ఆమె వైపు మందం అనే ఆ తాబేలు. పంపడానికి సిద్ధమా అని ఆట అడిగింది. ఇద్దరి బొటనవేళ్ళూ బటన్ల మీదున్నాయి. ఎవరూ నొక్కలేదు. కాసేపు చూసి ఆట విసుక్కుని, టైమైపోయిందని చెప్పి మొదటికొచ్చింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే.

“నొక్కవేం?” అన్నాడతను.

“నువ్వు నొక్కవేం?”

“నేను నువ్వు నొక్కుతావని చూస్తున్నాను.”

“నొక్కితే దూది వచ్చేస్తుంది.”

“అదేగా నీకు కావాల్సింది?”

“అది వచ్చేస్తే నువ్వు రావు కదా!”

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. చెంపలు కాలిపోతున్నాయి. చేతిలో ఏదైనా ఉంటే కొరికేసేదే, కానీ ఉన్నది డబ్బా ఒక్కటే.

అతను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. “ఎలకా, రోజంతా లిఫ్టుల్లో స్క్రూలు బిగించడమే నా ఉద్యోగం. నా కళ్ళజోడు స్క్రూ నేను బిగించుకోలేనా? ప్రతిసారీ షాపు మలుపు దగ్గర ఆగి, నేనే వదులు చేసుకుని వస్తున్నాను.”

“నిజంగా?”

“నిజంగా. దూది నీది, తీసుకో. నేను దానికోసం రావట్లేదు, నీకోసం వస్తున్నాను. ఇష్టం లేకపోతే చెప్పెయ్, రాను.”

“ఇష్టం లేదని ఎవరన్నారు?”

“ఇష్టమని కూడా ఎవరూ అనలేదుగా?”

“అన్నీ నోటితోనే చెప్పాలా? కన్నతల్లి రిమోట్‌లోంచి సెల్సు దొంగతనం చేశాను, చాలదా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే, ఎవరు ముందో తెలీకుండా, ఒకేసారి నొక్కారు. దూది నీలం రిబ్బనుతో ఒక్క గెంతు గెంతి ఆమె తోటలో పడింది. ఆమె వేలితో తెరమీద దాని తల నిమిరింది. కళ్ళు నిండాయి. నీళ్ళు బుగ్గల మీదకి జారుతున్నా తుడుచుకోలేదు. తాబేలు మాత్రం ఎంతకీ అవతలి తోటకి చేరలేదు. దానికి తొందరేం లేదు.

“అయిందా?” అని వంటింట్లోంచి కేక. “ఒరేయ్, ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా. మీ అమ్మతో మాట్లాడాలి.”

“ఏం మాట్లాడాలి ఆంటీ?”

“పెద్దవాళ్ళ మాటలు నీకెందుకురా? టీలో పంచదార ఎంత వెయ్యను?”

*

మర్నాడు షాపు తెరిచింది మొదలు ఆమెకి మళ్ళీ బెంగ. దూది వచ్చేసింది. స్క్రూ గుట్టు బయటపడింది. ఇక ఏం వంక పెట్టుకుని వస్తాడు? మధ్యాహ్నం దాటింది. వాన కూడా రాలేదు.

నాలుగింటికి అతనొచ్చాడు. ఆమె అలవాటుగా చెయ్యి చాపింది. అతను కళ్ళజోడు తియ్యలేదు.

“ఏం ఊడింది?”

“ఏం ఊడలేదు.”

“ముక్కు దగ్గర నొక్కుతోందా?”

“లేదు.”

“చూపు మసగ్గా ఉందా?”

“బ్రహ్మాండంగా కనపడుతోంది,” అన్నాడు ఆమెనే చూస్తూ.

“మరెందుకొచ్చావు?”

“ఊరికే.”

వెనకగదిలో బాబాయికి పొలమారింది.

ఊరికే అట! రెండు బస్సులు మారి, పనికి సెలవు పెట్టి, ఊరికే. ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. అతని కంట పడకూడదని చటుక్కున అటు తిరిగింది. కానీ అది కళ్ళజోళ్ళ షాపు. అటు గోడకీ అద్దమే, ఇటు గోడకీ అద్దమే, బల్లమీద అద్దం, తలుపు పక్కన అద్దం. ఎటు తిరిగినా ఆమె నవ్వే. ఏ అద్దంలో ముందు చూడాలో తెలీక అతను షాపు మధ్యలో నిలబడి, గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు.