గాయం లేని బండి

చెయ్యి జారి స్టీలు గ్లాసు గచ్చు మీద పడి సొట్టపోయింది. దమయంతి చక్రాల కుర్చీలోంచి వంగి అందుకునేలోపే ఆ సొట్ట దానంతటదే ఉబికి, నునుపై, ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. పక్కింటివాళ్ళు పాయసం పోసి పంపిన గ్లాసు అది. మాన్పు జల్లిన వస్తువును దమయంతి తన ఇంట్లో ఒక పూట కూడా ఉండనివ్వదు. ఎప్పుడు తీసుకుపోతారో తీసుకుపోనీ అని దాన్ని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

మాన్పు వచ్చి ఒక తరం గడిచింది. మంచులాంటి సన్నని జల్లు అది. ఒక్కసారి పడితే చాలు, వస్తువు మీదున్న తయారీ గుర్తును చదువుకుంటుంది. ఆ వస్తువు పుట్టినప్పుడు ఎలా ఉండేదో రూపకోశంలో వెతికి పట్టుకుంటుంది. ఆపైన ఏ గీత పడినా, ఏ అంచు అరిగినా దాన్ని గాయమని తేల్చి, గాలిలోంచీ దుమ్ములోంచీ సరుకు ఏరుకుని మళ్ళీ మూలరూపానికి తెచ్చేస్తుంది. చొక్కాలు చిరగడం మానేశాయి, గోడలు బీటలివ్వడం మానేశాయి. దర్జీలూ మెకానిక్కులూ వేరే పనులు చూసుకున్నారు. లోకం హాయిగా ఉంది. లోకం కొలతలకు సరిపోయే ఒళ్ళున్నవాళ్ళకు మరీ హాయి. పుట్టుకతోనే రెండు కాళ్ళలో సత్తువ లేని దమయంతి, వెనకటి ఇంట్లో వంటగట్టును కోయించి తన ఎత్తుకు దించుకుంటే, తెల్లారేసరికి అది మళ్ళీ గడ్డం దాకా లేచి నిలబడింది. ఆ రోజే ఆ ఇంటికో దండం పెట్టి, జల్లు పడని ఈ గాజువాక పాతింటికి వచ్చేసింది.

ఇవాళ ఆమెకు గ్లాసు మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు. ఇవాళ బండి బయటికి తియ్యాలి.

పెరటి షెడ్డులో ఉన్నది ముత్తాతల నాటి పెట్రోలు బండి, గేర్లు వాటంతటవే పడే రకం. తుప్పుకుప్పగా దొరికిన దాన్ని ఏళ్ళ తరబడి తన ఒంటికి తగ్గట్టు కట్టుకుంది. తలుపు వెడల్పు చేసింది. సీటు పట్టాల మీద బయటికి జారి కుర్చీ పక్కన ఆగేలా చేసింది. కాళ్ళతో తొక్కాల్సిన బ్రేకునూ యాక్సిలరేటరునూ సగానికి కోసి, ఆ మొదళ్ళకు ఇనుపకడ్డీలు బిగించి, స్టీరింగు పక్కకు చేతికి అందేలా తెచ్చింది. వాటికి చేతికోలలని పేరు పెట్టుకుంది. పైన చింతచిగురు రంగు వేసింది. ఇలా ఇంట్లో సొంతంగా బండి కట్టుకునే పిచ్చి ఉన్నవాళ్ళు రాష్ట్రం మొత్తం మీద కొద్దిమందే మిగిలారు. బండికట్టువాళ్ళమని గొప్పగా చెప్పుకుంటారు.

దమయంతికి ఇది ఒట్టి సరదా కాదు. ఎక్కడికి వెళ్ళాలన్నా తమ్ముడు సింహాద్రి వచ్చి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుని తన బండిలో కూర్చోబెట్టాలి. మళ్ళీ ఎత్తుకుని దించాలి. నలభై దాటిన మనిషి! వీధిలో అందరూ చూస్తూ ఉంటారు. ఎవరి చేతులూ తన ఒంటి మీద పడకుండా, తన బండి తనే నడుపుకుంటూ, సముద్రం పక్కనుంచి భీమిలి దాకా వెళ్ళి రావాలి. ఆమె కోరుకున్నది ఇంతే.

గొలుసు లాగి షట్టరు ఎత్తింది. లోపల తెల్లబండి ఉంది.

ఎవరో తమ బండిని తెచ్చి ఇక్కడ పెట్టారనుకుంది ముందు. తర్వాత దాని కింద నేల మీద పడి ఉన్నవి కనిపించాయి. చేతికోలలు, సీటు పట్టాలు, బోల్టులు, తలుపుకు అతికిన రేకు. అక్కర్లేని ఎముకలు ఊసేసినట్టు అన్నీ ఒకే కుప్ప. అద్దంలోంచి చూస్తే, కింద కొత్త రబ్బరుతో రెండు పెడళ్ళు నిగనిగలాడుతున్నాయి.

"ఒరే సింహాద్రీ!"

ఆ కేకకు వీధి చివర కుక్కలు లేచాయి. ఎదురు సందులో ఉండే సింహాద్రి నవ్వుకుంటూ వచ్చాడు. అతను మాన్పు కేంద్రంలో పనిచేస్తాడు. ఒంటి మీద కేంద్రంవాళ్ళ నీలం చొక్కా ఉంది.

"ఎలాగుందప్పా? చెప్పకుండా చేసీసాను. తలుపు కింద తుప్పు వదల్లేదని మొన్న ఏడ్చావు కదా? పాత బండ్లన్నీ కూడా ఈమధ్యే రూపకోశంలోకి ఎక్కించారు. కొత్త జల్లు రాగానే మొదట నీకే తెచ్చీసాను. నిన్న సాయంత్రం నువ్వు కునుకు తీస్తుంటే వచ్చి కొట్టీసి వెళ్ళాను."

"పెడళ్ళేట్రా అవి?"

సింహాద్రి వంగి చూశాడు. నవ్వు ఆరిపోయింది.

"తుప్పొక్కటే పోతాదనుకున్నానప్పా. నువ్వు అంతా కోసీసి, అంతా మార్చీసావు కదా, ఇంక దానికి మూలరూపం ఎక్కడ దొరుకుతాదిలే అనుకున్నాను."

"తుప్పు పోయింది. దాంతోపాటు నేనూ పోయాను. నా కోసం కోసిన చోటల్లా మాన్పీసింది, చూడు! దానికి తుప్పూ నేనూ ఒకటేరా!"

"మళ్ళీ కోసుకుందాం..."

"కోస్తే మళ్ళీ మొలుస్తాయి! కేంద్రంలో నీకు నేర్పిందేటి? ఒకసారి జల్లు పడ్డాక అది వదుల్తుందా?"

వదలదని అతనికి తెలుసు. తలొంచుకున్నాడు. దమయంతి కళ్ళు బండి ముందుభాగంలో, అద్దం కింద ఉన్న చిన్న ఇత్తడి పలక మీద ఆగాయి. ఛాసిస్ నంబరు. బండికట్టువాళ్ళకు ఒక నియమం ఉంది: పైకప్పు కొయ్యొచ్చు, ఇంజను మార్చొచ్చు, నంబరు పలకను మాత్రం ముట్టుకోకూడదు. అది బండి పేరు. పేరు చెరిపితే బండిని చంపినట్టేనంటారు. అందుకే ఆమె ఆ పలకను ఊడదీసి, చింతపండుతో తోమి, మెరుగుపెట్టి, అక్షరం చెక్కుచెదరకుండా మళ్ళీ అదే చోట బిగించింది. జల్లు చదువుకోవడానికి పీట వేసి వడ్డించినట్టు! అరగదీసి పారేసి ఉంటే ఈ బండిని మాన్పు ఏమీ చెయ్యలేకపోయేది.

సింహాద్రి అలవాటు కొద్దీ రెండు చేతులూ చాచి ముందుకు వంగాడు. "రా అప్పా, లోపలికి తీసుకెళ్తాను."

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు. పో!"

ఆ తర్వాత ఆమె తమ్ముడితో మాట్లాడలేదు.

దమయంతి చేసిన ఫిర్యాదు మీద మాన్పు కేంద్రం నుంచి అలివేణి అనే రూపాధికారి వచ్చింది. మెత్తని మనిషి. బండి చుట్టూ తిరిగి, చేతిలోని పరీక్షాదర్శినితో అంతా చూసి, దమయంతి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"మీకు కలిగిన బాధకు విచారిస్తున్నామండీ. అయితే మా కొలమానం ప్రకారం బండికి నష్టమేమీ జరగలేదు. ఇప్పుడు దీని మీద ఒక్క గాయం కూడా లేదు."

"నేను కోసిన తలుపు గాయం. నేను పెట్టిన చేతికోల గాయం. అంతేనాండీ?"

"మూలరూపం నుంచి తేడా వస్తే గాయమనే అంటామండీ. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు."

"సరే. నన్ను చూడండి. నా మీద ఏమైనా గాయం కనిపిస్తోందా?"

అలివేణి మొహం వికసించింది. "నిజానికి ఆ సంగతే చెబుదామనుకుంటున్నానండీ. త్వరలో దేహమాన్పు వస్తోంది. మనుషులను కూడా మూలరూపానికి తీసుకొస్తాం. మొదటి విడతలోనే మీ పేరు ఉండేలా నేను చూస్తాను."

దమయంతి నవ్వింది.

"నేను పుట్టిందే ఇలాగండీ. మా అమ్మ కడుపులోంచి ఈ కాళ్ళతోనే వచ్చాను. ఇదే నా మూలరూపం. మీ జల్లు డ్రమ్ములకు డ్రమ్ములు గుమ్మరించండి, నాలో ఒక్క వెంట్రుక కూడా మారదు. మీ కొలమానం ప్రకారం నాకు గాయమే లేదు! మరి ఏ గాయమూ లేని మనిషికి ఏ గాయమూ లేని బండి ఎందుకు పనికిరాలేదో చెప్పండి."

అలివేణి పరీక్షాదర్శిని వంక చూసింది, బండి వంక చూసింది.

"ఈ ప్రశ్న పైవాళ్ళకు పంపుతానండీ."

"పంపండి, పంపండి. అక్కడ కూడా ఎవడికీ తెలీదు."

అధికారి గేటు దాటీ దాటకముందే దమయంతి రంపం తీసింది. బండి పక్కన ఏటవాలుగా పలక వేసుకుని, చేతుల బలంతో దాని మీదుగా పాకి లోపలికి ఎక్కింది. సీటు మీద పక్కకు పడుకుని, తల కిందికి వేలాడేసి, పెడళ్ళను కోసి చేతికోలలు బిగించింది. ఆ సాయంత్రానికి పెడళ్ళు మళ్ళీ మొలిచి, చేతికోలలను కిందికి తోసేశాయి. మర్నాడు మళ్ళీ కోసింది. మళ్ళీ మొలిచాయి. ఆ పై రోజూ అంతే. పొద్దున కోస్తే దీపాలు పెట్టేవేళ దాకా టైముందని అలా కోస్తూ కోస్తూనే తెలుసుకుంది.

రోజూ పొద్దున్నే ఆ రంపపు చప్పుడుకు మొదట వీధంతా విసుక్కుంది. తర్వాత ఎదురింటి ముసలాయన చెప్పుల జతతో వచ్చాడు. ఆయనకు ఒక కాలు పొట్టి. ఎడమ చెప్పుకు అట్ట అంటించుకుంటే రాత్రికి రాత్రే మాన్పు ఊడదీసి పారేస్తోందట. "ఏటి చెయ్యమంటావమ్మా?" అన్నాడు.

"ఊడితే మళ్ళీ అంటించండి! రోజూ అన్నం తినట్లేదా? అలాగే ఇదీను," అని కసిరింది దమయంతి. కసురుతూనే అట్టను ఎలా కొయ్యాలో, మేకు ఎక్కడ దిగ్గొట్టాలో చూపించింది. ఆయన వెనక, ఎడమచేతివాటం కత్తెర కావాలని ఒకామె వచ్చింది. చంక దగ్గర రవిక బిగుసుకుపోతోందని మరొకామె వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు తమ ఒంట్లోనే లోపముందని నోరు మూసుకుని సర్దుకున్నవాళ్ళు. ఇప్పుడు షెడ్డు ముందు కూర్చుని, నిన్న మానిపోయిన వస్తువులకు ఇవాళ కొత్తగా గాయాలు చేసుకుంటున్నారు. గేటు బయట సింహాద్రి కూడా రోజూ వచ్చి నిలబడేవాడు. ఆమె అటు చూసేది కాదు.

ఒకనాటి పొద్దున పెడళ్ళు కోసి, చేతికోలలు బిగించి, దమయంతి బండిని వీధిలోకి తీసింది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ తొయ్యలేదు. ముసలాయన తన చెప్పులేసుకుని పక్కకు తప్పుకున్నాడు. గాజువాక దాటింది, ఊరు దాటింది, కుడిపక్క సముద్రం వచ్చింది. దారి ఇవ్వని లారీవాణ్ణి కిటికీలోంచి నోరారా తిట్టింది. జన్మలో మొదటిసారి ఒక లారీవాణ్ణి తనంతట తాను తిట్టింది! గాలికి జుట్టంతా మొహం మీద పడుతున్నా తోసుకోలేదు.

కానీ ఎండ సంగతి ఆమె ఆలోచించలేదు. షెడ్డు నీడలో మాన్పుకు సాయంత్రం దాకా పట్టే పని, ఎండలో కాలిన ఇనుములో ఉరుకులు పెడుతోంది. భీమిలి ఇంకా కనుచూపుమేరలోకి రాకముందే బ్రేకు చేతికోల వణికింది. లోపలికి నెడితే ఊడి చేతిలోకి వచ్చేసింది. దమయంతి హ్యాండ్‌బ్రేకు లాగింది. బండి అడ్డంగా జారి, రోడ్డు పక్క ఇసుకలో కూరుకుని ఆగింది.

వెనకాల ఇంకో బండి ఆగింది. సింహాద్రి. ఇంటి దగ్గర్నుంచీ వెంటే వస్తున్నట్టున్నాడు. మొహం పాలిపోయి, పరుగున వచ్చి తలుపు తీశాడు.

"దెబ్బ తగిలిందా అప్పా? దిగు. దా, ఎత్తుకుంటాను. ఇంటికెళ్ళిపోదాం."

దమయంతి సీటు కిందినుంచి రంపం తీసింది. పక్కకు పడుకుని, తల కిందికి వేలాడేసి కొయ్యడం మొదలుపెట్టింది. ఇనుము చెయ్యి కాలేంత వేడిగా ఉంది. రంపం ముందుకు పోయేకొద్దీ వెనక కోత పూడుకుపోతోంది. ఒక చేత్తో పెడల్ వంచి పట్టుకుంటే రంపం ఆడదు. రంపం ఆడిస్తే పెడల్ నిలవదు. కోపంతో ఆమెకు ఏడుపొచ్చేసింది. చెమటా కన్నీళ్ళూ నుదుటి మీదుగా జుట్టులోకి పోతున్నాయి. అయినా కోస్తూనే ఉంది.

సింహాద్రి చాచిన చేతులు దించేశాడు. తర్వాత అటువైపు తలుపు తీసి, నీలం చొక్కాతోనే బండి పక్క ఇసుకలో మోకాళ్ళూని వంగాడు. లోపలికి దూరి, రెండు చేతులతో పెడల్ పట్టుకుని, కోత మూసుకుపోకుండా బలంగా వెనక్కి వంచాడు.

"కొయ్యప్పా," అన్నాడు.

దమయంతి రంపం ఆపి, అతని చేతుల వంక చూసింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తమ్ముడితో మాట్లాడింది.

"వేళ్ళు తియ్యరా వెధవా, అడ్డంగా పెట్టావు. అవి తెగితే మళ్ళీ మొలవవు."

సింహాద్రి వేళ్ళు కిందికి జరిపి, మళ్ళీ గట్టిగా పట్టుకున్నాడు.