మర్యాదగా కాదన్న తాళం

"కొంగ ఎందాకా నిలబడుతుంది?" అన్నాడు గుమ్మం దగ్గర గార్డు.

"చేప రిటైరయ్యేదాకా," అన్నాడు ఏజెంట్.

ఈ కోడ్‌వర్డ్ కనిపెట్టినవాడికి ప్రమోషన్ కూడా వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్‌ని అందరూ 'చేదు' అంటారు. వాళ్ల ఊహకి అదే ఎక్కువని అతను సరిపెట్టుకున్నాడు.

లోపల చీఫ్ బ్రీఫింగ్ మొదలెట్టేశాడు. విదేశీ ముఠాకి చిక్కిన ఒక ఏజెంట్‌ని విడిపించాలి. ఆమె చేదుకి స్వయానా అక్క. బదులుగా ముఠా నాయకుడి అల్లుణ్ని వదలాలి. అక్క ముఠా పడవ మీది ఉక్కు కంటెయినర్లో ఉంది; అల్లుడు రేవు మీది కంటెయినర్లో. ఒకరినొకరు నమ్మరు కనుక రెండు తాళాలనూ స్మార్ట్ కాంట్రాక్టులకి, అంటే మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే నడిచే ప్రోగ్రాములకి, అప్పగించారు.

"రెండు ఆదేశాలూ ఒకే బ్యాచ్," అంది అత్తరు. మనిషికన్నా ముందు సెంటు వస్తుంది, అందుకే ఆ పేరు. ముఠాలో ఆమె మన మనిషని చీఫ్ నమ్మకం. "మొదట వాళ్ల తాళం, తర్వాత మనది. ఏది ఫెయిలైనా మొత్తం రివర్ట్, ఏమీ జరగనట్టే. బ్యాచ్ ఖరారయ్యాకే తాళాలు కదులుతాయి. అయితే రెండూ, లేకపోతే ఏదీ లేదు. అటామిక్, సర్."

"అటామిక్," అన్నాడు చీఫ్, బాంబు చేతికొచ్చినంత సంతోషంగా. "చేదూ, బ్యాచ్ పంపేది నువ్వు. డౌట్లున్నాయా? లేవు. గుడ్."

కారులో చేదు అత్తరు రాసిన కోడ్ చదివాడు. వాళ్ల తాళాన్ని తెరుచుకోమని అడిగే ఫంక్షన్ కాల్ ఉంది. అది తిరిగిచ్చే జవాబును పట్టుకునే చోటే లేదు. తాళం ఎర్రర్‌తో మొరాయిస్తే బ్యాచ్ ఆగే మాట నిజమే. కాని ఈ తాళం మొరాయించదు. ముఠా అనుమతి లేకపోతే మర్యాదగా 'ఫాల్స్', అంటే కాదు, అని ఊరుకుంటుంది. వినేవాడు లేడు కనుక బ్యాచ్ ముందుకు నడిచి అల్లుడి తాళం తీస్తుంది. అక్క లోపలే ఉండిపోతుంది.

ఇందులో గొప్ప తెలివేమీ లేదు. ఈ ఆఫీసుని కాస్త గమనిస్తే చాలు. పట్టుబడకముందు అక్క తనను కనిపెట్టేశారని పదేపదే కబురు పెట్టింది. కబురు అందిందని తిరుగు టపా వెళ్లింది. చదివినవాడు లేడు.

అతను బ్యాచ్‌ని తిరగరాశాడు. ప్రతి కాల్ కింద ఒకే షరతు: జవాబు 'ట్రూ' కాకపోతే రివర్ట్.

రేవులో చేదు క్రేన్ మెకానిక్ వేషంలో నిలబడ్డాడు. స్పానర్ పిడిలో కీప్యాడ్ ఉంది. గాడ్జెట్ల సెక్షన్ గర్వంగా ఇచ్చిన ఆ స్పానర్‌తో ఏ నట్టూ విప్పలేం. నొక్కాడు. పిడి మీద అక్షరాలు వెలిగాయి: రివర్ట్. రెండు తాళాలూ కదల్లేదు.

"అదేంటి?" అంది పక్కనున్న అత్తరు. "మన తాళం తెరుచుకోవాలే."

"వాళ్లది కాదంది. నేను విన్నాను."

ఆమె కళ్లలో భయంకన్నా విసుగే ఎక్కువ కనిపించింది. చెవిటివాళ్ల మధ్య ఇన్నాళ్లు సుఖంగా బతికిన మనిషికి, ఒకడు వింటున్నాడని తెలియడం అవమానం.

"మోసం చేసినా కాస్త శుభ్రంగా చెయ్యాలి మేడమ్. చదివేవాళ్లుంటారు."

పడవ ఇంజను మోగింది. ఎవడో తాడు విప్పుతున్నాడు.

"వాళ్లు వెళ్లిపోతున్నారు. మీ అక్క కూడా," అంది.

"వెళ్లమను. అల్లుడు లేకుండా ఇంటికెళ్లి మీ నాయకుడు కూతురికేం చెప్తాడో కనుక్కో. ఫోన్ చెయ్యి."

చేసింది. నాయకుడి గొంతు చేదుకీ వినిపించింది. "ఆ సన్నాసి నాకెందుకమ్మా? కాని అమ్మాయి ఏడుపు నేను పడలేను. సరే. మా తాళానికి పర్మిషన్ ఇస్తున్నా."

తాడు ఊడింది. పడవ గట్టుకి జానెడు ఎడమయింది. చేదు మళ్లీ నొక్కాడు.

ట్రూ. ట్రూ.

రెండు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. అక్క గట్టు మీదికి దూకింది. అల్లుడు అటు దూకబోయి నీళ్లలో పడ్డాడు. పైకి లాగడానికి పడవలో ఎవరూ తొందరపడలేదు. అత్తరు రెండు చేతులకీ బేడీలు పడ్డాయి.

"కొట్టారా?" అక్కని అడిగాడు చేదు.

"లేదురా. తలుపు లాగినవాడు 'ఇబ్బంది పెట్టాం, ఏమనుకోకండి' అన్నాడు. మన ఆఫీసులో ఇన్నేళ్లుగా ఆ ముక్క ఒక్కడూ అనలేదు."

"ఆలోచించుకో అక్కా," అన్నాడు అతను. "పడవ ఇంకా దూరం పోలేదు."