రూబీ నోట తొలి మాట

మూడేళ్లు దాటినా రూబీ నోట ఒక్క మాట రాలేదు... ‘అమ్మ’ అని కూడా! ఎదురింటి పిల్ల కబుర్లు వింటుంటే తల్లి దేవకుమారి గుండె తరుక్కుపోయేది. పెళ్లికి ముందునుంచీ ఆమెకి మూర్ఛ. రూబీ కడుపులో ఉన్నప్పుడూ ఫిట్స్ వచ్చాయి, మాత్రలూ తప్పలేదు. అదే పిల్లకి తగిలిందేమోనని కుమిలిపోయేది. ఇప్పుడు మళ్లీ అయిదో నెల. “ఆ మాత్రలే పిల్ల నోరు కట్టేశాయేమో అమ్మాయ్” అని అత్తగారు కరుణమ్మ ఓనాడు మాటవరసకి అంది. ఆవిడ మరిచిపోయింది, కోడలు మరిచిపోలేదు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. ఎంత పిచ్చిదండీ!

ఆ మధ్యాహ్నం అరుగుమీద అత్తాకోడళ్లు లేసు అల్లుతున్నారు. నరసాపురంలో ఆ వీధి ఆడవాళ్లందరికీ అదే పని. ఉన్నట్టుండి దేవకుమారి చేతిలో అల్లిక జారింది. కళ్లు తేలేసి, కొట్టుకుంటూ వెల్లకిలా పడిపోయింది...

“ప్రభువా” అంటూ కరుణమ్మ నడుముకున్న తాళాలగుత్తి తీసి కోడలి గుప్పిట్లో పెట్టబోయింది. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని ఆవిడ నమ్మకం. ఇంతలో రూబీ పరుగెత్తుకొచ్చింది. తాళాలు లాగి పారేసి, బుల్లి చేతులతో తల్లి భుజాన్ని నెడుతూ, “పక్కకీ...” అంది.

అది వాళ్ల నాన్న శ్యాంబాబు మాట! భార్యకి ఫిట్స్ వచ్చినప్పుడల్లా “పక్కకి, పక్కకి” అంటూ ఒత్తిగిలించి పడుకోబెట్టేవాడు. పిల్ల అంతా చూసింది, అంతా వింది! కరుణమ్మ ఏడుస్తూనే మనవరాలితో కలిసి కోడల్ని పక్కకి తిప్పింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోప్పడింది. “కడుపులో బిడ్డ బాగానే ఉంది. ఇంకెప్పుడూ మందు మీ అంతట మీరు మానకండి, ఇద్దరికీ ప్రమాదం. ఈ కాన్పుకని ఆలోచించే వేరే మందు రాశాను కదా. రూబీకి మాటలు రాకపోవడానికి ఫలానాదే కారణమని చెప్పలేం. స్పీచ్ థెరపీకి తీసుకురండి, నేర్చుకుంటుంది.”

ఇంటికొచ్చాక కరుణమ్మ మాత్ర, మంచినీళ్లు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. “నా నోటిదురుసుకి నువ్వు మందు మానేశావా తల్లీ?”

“బిడ్డకోసమే అత్తయ్యగారూ... ఇంకో బిడ్డని కూడా మూగదాన్ని చేస్తానేమోనని...”

“నువ్వు బాగుంటేనే కదమ్మా బిడ్డలు బాగుండేది. ఇకనుంచి నా చేత్తో నేనే ఇస్తాను, వేసుకో.”

దేవకుమారి కన్నీళ్లతోనే మాత్ర మింగి వెనక్కి వాలింది. ఎన్నాళ్లకో మనసు తేలికపడింది. రూబీ మంచం ఎక్కలేక తల్లి నడుం పట్టుకుని నెట్టింది.

“పక్కకి” అంది.

కరుణమ్మ కంగారుగా లేచింది. “మళ్లీ వస్తోందా ఏంటి?”

“కాదండి” అంది దేవకుమారి, నవ్వు ఆపుకోలేక. “చోటివ్వమంటోంది.”

పక్కకి జరిగి, కూతుర్ని గుండెలకి హత్తుకుంది.