నీలం చారల జత

తోట శ్మశానం వాళ్ళ ఉత్తరం చదివి మేవిస్ వంటింటి కుర్చీలో కూలబడిపోయింది. చెట్ల కింద పూడ్చే చోటు అది. మట్టిలో కలిసిపోనిదేదీ లోపలికి రానివ్వరట... బట్టలైనా, బూట్లైనా! ఆ చోటు భర్త డెరిక్కే ఏరుకున్నాడు. డాక్టరు ఇక మూడు వారాలే బతుకన్నాక కూడా నవ్వుతూ ఏరుకున్న మనిషి, తన బూట్ల సంగతి మాత్రం మరిచిపోయాడు.

ఆయనకి బూట్లంటే ప్రాణం మరి! లివర్‌పూల్లో పదహారో ఏట ఎర్రజట్టు మ్యాచ్‌లకి పోవడం మొదలెట్టిన నాటి నుంచీ, ఫుట్‌బాల్ ఆటగాళ్ళ తరహా చారల స్నీకర్లు తప్ప కాలికి మరొకటి తగిలించలేదు. పెళ్ళికీ అవే. బీరువాలో ముప్పై ఎనిమిది జతలున్నాయి. అన్నిటికీ ప్లాస్టిక్ అడుగులే. ఒక్కటీ మట్టికి పనికిరాదు.

కూతురు జోడీ రెండు రోజులు ఫోన్లో వెతికి ఒక జత పట్టింది. జనపనార గుడ్డ, చెట్టు పాల రబ్బరు, నూలు దారం. అచ్చం పాతకాలపు ఆట బూట్ల వాలకం. శ్మశానం వాళ్ళూ సరేనన్నారు. కానీ ఆయన కొలతకి నీలం చారలవే ఉన్నాయి. ఎర్రవి రెండు నెలలకి గానీ రావట.

నీలం మేవిస్ పుట్టింటివాళ్ళ జట్టు, అదే ఊళ్ళో ఎర్రజట్టుకి బద్ధశత్రువు. ఆ ఊళ్ళో అది చిన్న మాట కాదు. డెరిక్ తమ్ముడు కీత్ వినగానే మండిపడ్డాడు. ఇన్నేళ్ళు కాచుకుని, చివరికి అన్నయ్యని మీవాళ్ళలో కలిపేసుకుంటున్నావా వదినా అని ముఖం మీదే అనేశాడు. ఆ కాళ్ళు చూడ్డానికి తను అంత్యక్రియలకి రానన్నాడు. మేవిస్ తిన్నగా డెరిక్ మంచం దగ్గరికెళ్ళి, "ఎర్రవే తెప్పిద్దామండీ... రెండు నెలలేగా," అంది.

అన్నాక గానీ తనేమందో ఆమెకి తెలియలేదు.

డెరిక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అంతదాకా నేనుంటానా పిచ్చిదానా? నీలంవే తెప్పించు. నా పక్కన ఎర్ర సీట్లలో కూర్చున్నావు. మావాళ్ళు మీవాళ్ళని ఓడించినప్పుడల్లా నోరు మూసుకుని నాకు టీ పోసిచ్చావు. నేను చూడలేదనుకున్నావా?"

ఎన్నేళ్ళకి అన్నాడా మాట! మేవిస్ ఆయన దుప్పట్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది...

జత గురువారం వచ్చింది. డెరిక్ మంగళవారమే పోయాడు.

పేముతో అల్లిన శవపెట్టెలో పడుకున్న ఆయన కాళ్ళకి వాటిని తొడగబోతే మేవిస్‌కి లేసులు పట్టు చిక్కలేదు. వెనక నుంచి కీత్ వచ్చాడు. రానన్నవాడు! మెడలోని ఎర్ర మఫ్లరు తీసి జేబులో కుక్కుకుని, పెట్టె మీదికి వంగి, ఒక్కో రంధ్రంలోంచీ లేసు లాగి ముడేశాడు. వదిన వైపు చూడలేకపోయాడు.

"బిగుతుగా ఉన్నాయా అన్నయ్యా?" అన్నాడు, జవాబు రాదని తెలిసీ.

"కొంచెం వదులు చెయ్యి కీత్," అంది మేవిస్. "ఆయనకి వదులుగానే ఇష్టం."