చివరి షెడ్డులో నవ్వు

లారీలు బాగుచేసే ఆ షెడ్ల వరసలో చివరిదానికి పేరు చెడి చాలా ఏళ్లయింది. పొద్దు వాలాక ఎవరూ అటు వెళ్లరు. తప్పక వెళ్లాల్సొస్తే ఇద్దరు కలిసి, లేని ధైర్యాన్ని గొంతులోకి తెచ్చుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళతారు.

లారీ కిందకి దిగి పనిచేసే గుంట ఒకటుంది అక్కడ. అందులో ఒక ఆడది పడి చచ్చిందట. రాత్రి చచ్చిన మనిషి తెల్లారేసరికి గుంటలో లేదట. అప్పటినుంచీ అర్ధరాత్రి దాటాక నీళ్లు ధారకట్టిన చప్పుడు... ఆ చప్పుడు మధ్యలో — నవ్వు.

ఏడుపు కాదు. నవ్వు.

మగవాళ్లకి అసలు భయం అక్కడే. ఏడ్చే ఆడదాన్ని వాళ్లు రోజూ ఇంట్లో చూస్తూనే ఉంటారు. చీకట్లో, తనంతట తాను, ఏ మగాడూ పరాచికం ఆడకుండానే పకపకా నవ్వే ఆడదంటే — అది దెయ్యం కాక మరేమవుతుంది?

ఆ కథ చెప్పడంలో పెద్ద మేస్త్రీది అందెవేసిన చెయ్యి. షెడ్లన్నిటి మీదా పెత్తనం ఆయనదే. ఆయన నోట్లో ఆ చచ్చినామె ఒక్కోరోజు ఒక్కో వయసుది. ఒంటి మీద బట్ట మాత్రం ఏ రోజూ సరిగ్గా ఉండదు. "అర్ధరాత్రి ఒంటరిగా వచ్చిందంటే ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి మరి" అని కన్ను గీటుతాడు. చుట్టూ చేరినవాళ్లు లొట్టలేస్తారు. గుంట మీద చెక్కలు కప్పకుండా వదిలేసిందెవరన్న సంగతి మాత్రం ఆ కథలో ఎక్కడా రాదు.

ఆ కథ మొదలైతే చాలు, అక్కడే పనిచేసే పానాలక్క లేచి దూరంగా వెళ్లిపోయేది.

ఎప్పుడు చూసినా చేతిలో నట్లు బిగించే పానా పట్టుకుని ఉంటుంది కనక ఆ పేరు. పేరుకే పానా. ఏళ్ల తరబడి ఆమెకి దక్కిన పని గ్రీజు కొట్టడం, నట్లు కడగడం, మగ మెకానిక్కులు చేతులు ముంచి వదిలేసిన మురికి డీజిలు బకెట్లు పారబొయ్యడం. ఆ బకెట్లలో సిగరెట్టు పీకలు తేలేవి, కఫం తేలేది. ఇంజను మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నం వాళ్లు తిని గుర్రుపెట్టే వేళ విప్పి, బిగించి, తనంతట తానే నేర్చుకుంది.

ఒకరోజు సాయంత్రం ఒక ముసలి లారీని తోలుకుంటూ, దానికంటే ముసలి డ్రైవరు వచ్చాడు. అందరూ తాతా అంటారు.

"కొండెక్కితే చాలు సలసలా కాగిపోతోంది బాబూ నా బండి. ఆయిల్ నీళ్లలా పలచబడి ప్రెషర్ ముల్లు పడిపోతోంది. ఆయిల్ కూలర్ పెట్టండి. ఆయిల్ ఫిల్టరు కూడా ఆ ఇంజను సందులోంచి పీకి బయటికి తెచ్చెయ్యండి. సామానంతా కొనుక్కొచ్చా. రేపు పొద్దున్నే లోడుంది, ఇది కదలకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది."

మెకానిక్కులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ పాత బండ్లలో ఫిల్టరు డబ్బా ఇంజను చంకలో ఉంటుంది. కింద పడుకుని చెయ్యి పైకి దూర్చి తిప్పితే వేడి ఆయిల్ మణికట్టు మీంచి మోచేతికి, మోచేతి మీంచి మన చంకలోకి కారుతుంది. ఒకడికి నడుం నొప్పి గుర్తొచ్చింది. ఇంకొకడికి పెళ్లాం జ్వరం గుర్తొచ్చింది. ఆమె జ్వరం అతనికి గుర్తుకు రావడం అదే మొదటిసారి.

"నేను చేస్తా" అంది పానాలక్క.

"అమ్మాయ్, అది గ్రీజు గన్ను కాదు" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు.

"గ్రీజు గన్ను ఎలా ఉంటుందో నాకు చెప్పాలా మేస్త్రీ?"

"సరేలే. కానీ గుంటలేవీ ఖాళీ లేవే..." మేస్త్రీ చూపు వరస చివరికి పోయింది. "అదొక్కటే ఉంది."

నవ్వులు ఆగిపోయాయి.

"అదే ఇవ్వు. తెల్లారేసరికి బండి కదిలితే ఆ షెడ్డు నాది. ఇంజను పనులు నేనే చేసుకుంటా. అందరి ముందూ ఒప్పుకో."

"కదలకపోతే?"

"మళ్లీ నోరెత్తను. చచ్చేదాకా నీ బకెట్లే మోస్తా."

మేస్త్రీకి బేరం నచ్చింది. "ఒప్పుకున్నా. దెయ్యం మింగితే మాత్రం మమ్మల్ని అనొద్దు."

"నన్ను మింగితే దానికే విరేచనాలు. ఒళ్లంతా గ్రీజే కదా!"

రాత్రి పడింది. షెడ్లలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

టార్చి పళ్ల మధ్య పెట్టుకుని పానాలక్క గుంటలోకి దిగింది. మొదట ముక్కు మూసుకుంది. అడుగున ఖాళీ సీసాలు, ఉబ్బిన ఎలుక, దాని పక్కన పచ్చగా నిలిచిన మడుగు. పగటిపూట మగవాళ్లు అంచున నిలబడి అందులోకే పోస్తారు. దెయ్యమంటే హడలు. మనిషి చచ్చిన చోటని మాత్రం గౌరవం లేదు. థూ!

ఆయిల్ దింపింది. తారులా, ముద్దలు ముద్దలుగా పడింది. పాత ఫిల్టరు తిప్పింది. అనుకున్నట్టే వేడివేడిగా చంకలోకి కారింది. దాని చోట రెండు మూతుల పళ్లెం బిగించింది — ఒక మూతిలోంచి ఆయిల్ బయటికి పోతుంది, రెండోదాంట్లోంచి తిరిగి ఇంజనులోకి వస్తుంది. కొత్త ఫిల్టరుని ఛాసిస్ చట్రం పక్కన, నిలబడి అందుకునేంత ఎత్తులో పెట్టింది. కూలర్‌ని రేడియేటర్ ముందు నిలబెట్టింది. ఒకదాన్నించి ఒకదానికి పైపులు లాగి, మళ్లీ గుంటలోకి దిగింది. ఇక ఆ రెండు మూతులకీ పైపులు తగిలిస్తే...

అప్పుడు వినబడింది.

నీళ్లు. ధారగా.

చేతిలో పానా ఆగిపోయింది. గాలేమో... కాదు. తలుపేమో... కాదు. నీళ్లు పడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ పడుతున్నాయి. ఎవరో దోసిలితో పోసుకుంటున్నట్టు.

ఆ తర్వాత — నవ్వు.

పానాలక్క చేతికందిన పైపు చేతికందిన మూతికి తగిలించి, గబగబా బిగించేసింది. టార్చి ఆర్పేసింది. పారిపోదామా అనుకుంది. కళ్ల ముందు మేస్త్రీ బకెట్లు కదిలాయి. పీకలు, కఫం. దెయ్యమా, బకెట్లా? దెయ్యమే నయమనిపించింది.

అడుగుల చప్పుడు. తడి అడుగులు. దగ్గరగా... ఇంకా దగ్గరగా...

గుంటలో నిలబడితే నేల కంటికి సమానంగా ఉంటుంది. లారీ చక్రాల మధ్యనుంచి, బయటి వెన్నెల్లో, రెండు పాదాలు వచ్చి ఆగాయి. నీళ్లు కారుతున్నాయి. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది. పానాలక్క ఊపిరి బిగబట్టి చూసింది.

ముందుకే ఉన్నాయి. మడమలు బీటలు వారి ఉన్నాయి. ఆ బీటల్లో నల్లటి మురికి.

దెయ్యాలకి మడమలు పగులుతాయా?

"ఎవరది...?" అంది.

"అమ్మో! దెయ్యం! గుంటలో దెయ్యం!"

ఆ కేక వేసింది ఆ పాదాల మనిషే. బకెట్టు దొర్లింది. ఇంకో రెండు మూడు గొంతులు గొల్లుమన్నాయి. కాసేపటికి ఒక లాంతరు వణుకుతూ కిందకి వంగింది. దాని వెనక, షెడ్ల ముందు టీకొట్టు నడిపే వదిన మొహం.

"నువ్వటే! నీ దుంపతెగ, పై ప్రాణం పైనే పోయింది!"

"నా ప్రాణం మాత్రం ఉందా వదినా? మీరంతా ఇక్కడేం చేస్తున్నారు?"

"కనబడట్లా? షెడ్డు వెనక నీళ్లు పోసుకుంటున్నాం. పగలు కుళాయి దగ్గర కూర్చుంటే లారీల మీదెక్కి మరీ చూస్తారుగా మహానుభావులు. నువ్వు చీకటి పడకముందే ఇంటికెళ్లిపోతావు, నీకేం తెలుస్తుంది?"

"మరి ఆ నవ్వు?"

"ఏమ్మా, చల్లటి నీళ్లు వీపు మీద పడితే నవ్వు రాదా? పగలంతా పళ్లు బిగబట్టుకుని బతికేవాళ్లం, ఈ కాసేపైనా నవ్వుకోవద్దా?"

వదిన వెనక మూటలు మోసే ఆడవాళ్లు ఇద్దరు, షెడ్లు ఊడ్చే పెద్దమ్మ. అంతే దెయ్యాలు.

పానాలక్క నవ్వుకుంటూ కొత్త ఆయిల్ పోసింది. ఇంజను స్టార్టు కాకుండా స్టాపు తీగ లాగిపెట్టి సెల్ఫ్ కొట్టింది. ముందు ఆయిల్ అంతటా పాకాలి, ప్రెషర్ ముల్లు లేవాలి. అప్పుడే అసలు స్టార్టు.

ముల్లు కదల్లేదు.

మళ్లీ కొట్టింది. కదల్లేదు. నవ్వు పోయింది. ఇలాగే స్టార్టు చేస్తే ఆయిల్ అందక ఇంజను అరిగి పట్టేస్తుంది. తాత బతుకూ పోతుంది, తన షెడ్డూ పోతుంది.

"ఏమైందే?" అంది వదిన.

పానాలక్క టార్చి వేసి పైపులు ఒక్కొక్కటే చూసింది. తర్వాత నుదురు కొట్టుకుంది. "మీ నవ్వు కాదు గానీ వదినా... భయంలో పైపులు తారుమారు చేశా. ఫిల్టరులో ఒక రబ్బరు పొర ఉంటుంది, ఒకవైపు నుంచే దారిస్తుంది. ఎదురు పంపితే మూసుకుని కూర్చుంటుంది."

విప్పి మార్చాలి. రెండు పానాలు కావాలి, ఒకటి పళ్లెం మూతిని కదలకుండా పట్టడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. ఆ ఇరుకులో తన రెండు చేతులూ దూరవు.

"జరుగు. నా చెయ్యి చీపురుపుల్ల, దూరుతుంది" అంది పెద్దమ్మ. లాంతరు కూడా తీసుకోకుండా, కుంటుకుంటూ, గుంటలోకి దిగేసింది. మధ్యలో విరిగిన మెట్టుని చూడకుండానే దాటింది.

"చీకట్లో అలా దిగావేంటి పెద్దమ్మా? ఎప్పుడైనా దిగావా ఇందులో?"

"దిగలేదే. పడ్డా. ఎక్కేటప్పుడు తెలిసింది మెట్లు ఎక్కడున్నాయో... విరిగిన కాలితో."

పానాలక్క నట్టు వదిలి ఆమె వైపు తిరిగింది.

పెద్దమ్మ గొంతు తగ్గించింది. "మూటలు దింపడానికొచ్చా ఆ రాత్రి. కొత్త. నన్నెవరూ ఎరగరు. తాగి ఉన్నారు ఇద్దరు, వెంటపడ్డారు. పరిగెత్తా. గుంట మీద చెక్కల్లేవు... పైన నిలబడి చూశారు. ఒకడు 'చచ్చిందిరా' అన్నాడు. దిగి చూద్దామని రెండోవాడైనా అనలేదు. పారిపోయారు. నేను పాక్కుంటూ ఎక్కి పోయా."

"ఎవరు?"

"ఒకడు ఎటో పోయాడు. ఇంకొకడు రోజూ నా కథ చెబుతున్నాడుగా, టీ తాగుతూ."

పానాలక్క మోచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఎలుక కంపుకీ కాదు, మడుగు కంపుకీ కాదు. ఆ లొట్టలు గుర్తొచ్చి.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"చెబితే? చచ్చినదాన్ని కనక భయపడుతున్నారు. బతికున్నానని తెలిస్తే ఎవడే భయపడేది?" పెద్దమ్మ పానాని గట్టిగా పట్టుకుంది. "కాలు అతుక్కున్నాక ఇక్కడికే వచ్చా. చీపురు పట్టుకున్నదాని మొహం ఎవడు చూస్తాడు? ఊఁ, తిప్పు."

తిప్పింది.

ఈసారి సెల్ఫ్ కొడుతుంటే ముల్లు ముందు వణికింది. ఆగింది. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడింది. స్టార్టు చేస్తే ముసలి ఇంజను గొంతు సవరించుకుని అందుకుంది. కూలర్, పైపులు తాగేసినంత ఆయిల్ మళ్లీ పోశారు. ఆడవాళ్లందరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. వరసలో క్యాబిన్లలో పడుకున్న డ్రైవర్లు దుప్పట్లు తలమీదికి లాక్కునే ఉంటారు.

నవ్వులు తగ్గాక వదిన అంది — "పొద్దున్న దెయ్యం లేదని చెప్పేస్తావు కదూ?"

పానాలక్క పానాలు తుడిచి పక్కన పెట్టింది. ఆ మాట వాళ్ల మొహాల మీద కొట్టాలనే ఆమె ఇన్నేళ్లూ కాచుకుంది.

"చెప్పు, తప్పులేదు. నీకు షెడ్డొస్తుంది. మాకు నీళ్లు పోతాయి. అంతేగా." వదిన తడి జుట్టు ముడేసుకుని వెళ్లిపోయింది.

తెల్లారింది. తాత సెల్ఫ్ కొట్టగానే లారీ ఎవరూ నెట్టకుండా షెడ్డులోంచి బయటికొచ్చింది. తాత ఛాసిస్ పక్కన ఫిల్టరుని అరచేత్తో తడిమాడు. "ఇన్నాళ్లకి దీని మొహం చూశానే తల్లీ!" అని, చక్రాలకింద కూడా వంగి చూసి, ఒక్క చుక్కైనా కారట్లేదని సంబరపడి, లోడు కోసం వెళ్లిపోయాడు.

మగవాళ్లంతా టీకొట్టు దగ్గర మూగారు. వదిన గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు.

"ఏం అమ్మాయ్, కనబడిందా?" అన్నాడు మేస్త్రీ పాత టైరు మీద కూర్చుని, టీ ఊదుకుంటూ. "మాక్కూడా చెప్పు, ఎలా ఉంది? బట్టలున్నాయా?"

ఒకడు కిసుక్కుమన్నాడు.

పానాలక్క చేతులు తుడుచుకుంది. తీరిగ్గా, వేలు వేలూ తుడుచుకుంది.

"ఉంది మేస్త్రీ."

వదిన చేతిలో గ్లాసు ఆగింది.

"మాట్లాడింది కూడా. పనిచేసుకునే ఆడవాళ్లతో నాకు పేచీ లేదు, నువ్వుండు అంది. పొద్దు వాలాక మగాడి నీడ పడితే మాత్రం ఊరుకోనంది. పగలు గుంట అంచున నిలబడి పోసేవాళ్లని కూడా ఒక్కొక్కణ్ణీ గుర్తుపెట్టుకుందట."

ఇద్దరు ముగ్గురు అప్రయత్నంగా కాళ్లు దగ్గరికి చేర్చుకున్నారు.

"ఇంకా... నీకొక మాట చెప్పమంది."

"నాకా?" మేస్త్రీ నవ్వబోయాడు.

పానాలక్క దగ్గరికొచ్చి వంగింది. గుసగుసగా అంది — "ఆ రాత్రి నా వెంటపడింది ఇద్దరు. పైన నిలబడి, దిగి చూడకుండా పారిపోయింది ఇద్దరు. ఒకడు ఇంకా ఇక్కడే ఉన్నాడు — అంది."

మేస్త్రీ చేతిలో గ్లాసు వంగి టీ తొడ మీద ఒలికింది. కాలుతున్నా చెయ్యి కదల్లేదు.

"వెంటపడ్డారని... ఎవరు... నీకెవరు చెప్పారు?"

"ఆమే. లేకపోతే నాకెలా తెలుస్తుంది? నీ కథలో వెంటపడినవాళ్లు లేరు కదా మేస్త్రీ!"

మేస్త్రీ చివరి షెడ్డు తాళంచెవి జేబులోంచి తీసి ఇచ్చేశాడు.

వరస మొదటినుంచీ చీపురు చప్పుడు దగ్గరికొస్తోంది. ఊడ్చుకుంటూ, కుంటుకుంటూ పెద్దమ్మ టైరు దాకా వచ్చి ఆగింది.

"కాస్త కాళ్లు తియ్యి బాబూ."

మేస్త్రీ రెండు కాళ్లూ పైకెత్తాడు. కళ్లు మాత్రం చివరి షెడ్డు మీంచి తిప్పలేదు. పెద్దమ్మ ఆయన కాళ్లకింద శుభ్రంగా ఊడ్చి, ముందుకెళ్లింది.