అత్తగారి కుట్టు, కోడలి గుర్రం

తాను కుట్టి, పొద్దున్నే ఇస్త్రీ చేసి పెట్టిన ప్యాంటును కోడలు తిరగేసి తొడుక్కోవడం చూసి అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? వీధి చివర కుట్టుకొట్టులో ఇన్నేళ్ళూ వంక పెట్టించుకోని చెయ్యి ఆవిడది.

"కళ్ళు నెత్తికెక్కాయా తల్లీ? కుట్లన్నీ బయటికి కనపడుతున్నాయి!"

"కావాలనే అత్తయ్యా," అంది కోడలు మొహం తిప్పుకుని.

అసలే ఆ గుర్రం గొడవంటే ఆవిడకు గిట్టదు. గుర్రాలశాలలో లెక్కలు రాసే ఉద్యోగం చేసుకోక, దూరపు స్వారీ పోటీలంటూ మొదలుపెట్టింది కోడలు. శాలవాళ్ళు చుక్కమ్మ అనే ఆడగుర్రాన్నీ, ఓ పాత జీనునీ వాడుకోమన్నారు. తలకు హెల్మెట్ ఒక్కటే కొత్తది. మిగతాదంతా ఇంటి సరుకే: జీను కింద మడిచిన పాత కంబళి, దారిలో గుర్రాన్ని తడపడానికి తాడు కట్టిన స్పాంజి. మొదటి పోటీలో సగంలోనే దిగొచ్చింది. రెండోదీ అంతే అయితే ఇక గుర్రం ఊసెత్తనని మాటిచ్చింది.

"సగంలో దిగొచ్చింది చాలక నా పరువు కూడా తీస్తావా? ఈ అవతారం చూసి ఎవరు కుట్టారని అడిగితే ఏం చెప్తావ్?"

"అమ్మా, పోనీలే..." అన్నాడు కొడుకు టీ గ్లాసు చాటునుంచి.

"నువ్వు నోర్ముయ్!"

కోడలు ఇక ఆగలేకపోయింది. ప్యాంటు మోకాలి పైకి లాగింది. లోపలివైపు చర్మం లేచిపోయి ఎర్రగా పుండు.

"భయపడి దిగలేదు అత్తయ్యా. జీనుకీ కాలికీ మధ్య ఈ కుట్టు ఒరుసుకుపోయింది. చెప్తే మీరు బాధపడతారని..."

అత్తగారు కుర్చీలో కూలబడింది. తన కుట్టే! తన మనసు నొచ్చుకుంటుందని ఈ పిచ్చిపిల్ల ఇన్నాళ్ళూ మంట ఓర్చుకుంది. కళ్ళు తుడుచుకుని కత్తెర అందుకుంది.

"తిరగేస్తే జీనుకి రాసుకోదూ? ఇలా తే. కుట్టునే తొడ మీదికి జరిపేస్తాను. నువ్వు ముందా పుండు మాననీ."

పోటీ నాడు స్వారీకెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చేశారు, కోడలు తప్ప. చివరికి దూరంగా కనపడింది, గుర్రం పక్కన నడుస్తూ.

"అయ్యో, మళ్ళీ దిగిపోయిందిరా!" అత్తగారు లేచి నిలబడింది.

"కాదమ్మా. గుర్రం గుండె నెమ్మదించాలని దిగి నడిపిస్తోంది. చివర్లో గుర్రాల డాక్టరు చూసి సరేననకపోతే ముందొచ్చినా లాభం లేదు."

ముగింపు గీత ముందు కోడలు మళ్ళీ జీనెక్కింది. దాటింది! డాక్టరు వచ్చి చుక్కమ్మ గుండె చప్పుడు విన్నాడు. ఎంతకీ తలెత్తడే! అత్తగారు కొడుకు చెయ్యి నలిపేస్తోంది.

"భేషుగ్గా ఉంది. పోటీ పూర్తయినట్టే!"

అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. కోడలి మోకాలి దగ్గర చిన్న గీతైనా పడలేదు. ఇంతలో స్వారీ ముగించి కుంటుతూ వచ్చిన ఓ అమ్మాయి ఆ ప్యాంటు వంక ఆశగా చూసింది.

"కుట్టు తొడ మీదుందే! ఇది ఎవరు కుట్టారు?"

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకొచ్చేసింది.

"నేనే కుట్టాను. ఈ పిల్ల నా కోడలు!"